వారసత్వ పెద్దపేగు క్యాన్సర్: ముప్పున్న కుటుంబాలకు కొలొనోస్కోపీ ఎప్పుడు, ఎలా?

పెద్దపేగు క్యాన్సర్‌ను సాధారణంగా వయసు మళ్లినవారికి వచ్చే వ్యాధిగా భావిస్తారు. చాలామంది విషయంలో అది నిజమే. అయితే కొన్ని కుటుంబాల్లో ఈ వ్యాధి ముప్పై, నలభై ఏళ్లకే కనిపిస్తుంది. తండ్రికి వచ్చినదే కొడుక్కో కూతురికో, మేనత్తకు వచ్చినదే మేనల్లుడికో వస్తుంది. ఇది శాపమూ కాదు, కేవలం యాదృచ్ఛికమూ కాదు. తరం నుంచి తరానికి సంక్రమించే ఒక జన్యులోపం దీనికి మూలం. ఈ లోపం ఉన్నవారిని ముందుగా గుర్తించి, నిర్ణీత కాలవ్యవధిలో కొలొనోస్కోపీ పరీక్ష చేస్తే క్యాన్సర్‌ను చాలావరకు నివారించవచ్చు. నివారించలేనప్పుడు కూడా తొలిదశలోనే పట్టుకోవచ్చు. అయితే పరీక్ష చేయించుకోవడంతోనే పని పూర్తికాదు. ఏ వయసులో మొదలుపెట్టారు, ఎంత విరామంతో చేస్తున్నారు, ఎంత శ్రద్ధగా చేస్తున్నారు అనే మూడు అంశాలపైనే ఫలితం ఆధారపడి ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షలకు పైగా ప్రజలకు పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ సోకింది. 9 లక్షలకు పైగా మరణించారు. ఈ క్యాన్సర్ బాధితుల్లో నూటికి సుమారు ఐదుగురిలో బలమైన వారసత్వ జన్యులోపం కారణమని వైద్యశాస్త్రం చెబుతోంది. శాతంగా చూస్తే ఇది చిన్న సంఖ్యే. కానీ ఆ ఒక్కొక్కరి వెనుక, అదే ముప్పు ఉండి, ఆ సంగతి తెలియని తోబుట్టువులు, పిల్లలు ఉంటారు.

ఒక దర్జీ పనిచేసే మహిళ చెప్పిన మాట

వారసత్వ క్యాన్సర్‌పై అధ్యయనం ఒక సాధారణ మహిళ మాటతో మొదలైంది. 1895లో అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయంలో ఆల్డ్రెడ్ వార్థిన్ అనే వ్యాధి శాస్త్రవేత్తకు బట్టలు కుట్టే ఒక మహిళ తన భయాన్ని చెప్పుకొన్నారు. తమ కుటుంబంలో అనేకమంది పేగుల క్యాన్సర్‌తోనో గర్భసంచి క్యాన్సర్‌తోనో మరణించారని, తనకూ అదే గతి పడుతుందని ఆమె అన్నారు. ఆమె ఊహించినట్లే చిన్న వయసులోనే గర్భసంచి క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోని వార్థిన్ ఆ కుటుంబ చరిత్రను సేకరించి 1913లో ప్రచురించారు.

అర్ధశతాబ్దం తరువాత, 1966లో, హెన్రీ లించ్ అనే మరో అమెరికా వైద్యుడు ఇటువంటి కుటుంబాల వివరాలను వెలువరించారు. క్యాన్సర్ వంశపారంపర్యంగా రావడాన్ని చాలామంది నిపుణులు అప్పట్లో అంగీకరించలేదు. 1990 దశకంలో దీనికి కారణమైన జన్యువులను కనుగొన్న తరువాత ఆయన వాదన రుజువైంది. నేడు ఆ స్థితిని లించ్ సిండ్రోమ్ అని పిలుస్తున్నారు. వారసత్వంగా వచ్చే పెద్దపేగు క్యాన్సర్లలో అత్యధిక భాగానికి ఇదే కారణం. పాశ్చాత్య దేశాల అంచనాల ప్రకారం సుమారు 300 మందిలో ఒకరికి ఈ జన్యులోపం ఉంటుంది. వారిలో అత్యధికులకు ఆ విషయమే తెలియదు.

శరీరంలో ఏం జరుగుతుంది?

కణం రెండుగా విడిపోయే ప్రతిసారీ దానిలోని డీఎన్ఏకు నకలు తయారవుతుంది. నకలు రాసేటప్పుడు అక్షరదోషాలు దొర్లినట్లే ఇక్కడా పొరపాట్లు జరుగుతాయి. వాటిని వెతికి సరిదిద్దే వ్యవస్థ ప్రతి కణంలోనూ ఉంటుంది. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు జన్యువులు ఈ దిద్దుబాటు పనిలో ప్రధానమైనవి. లించ్ సిండ్రోమ్ ఉన్నవారికి వీటిలో ఒకటి పుట్టుకతోనే లోపించి ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, అది సంక్రమించే అవకాశం సగానికి సగం.

పెద్దపేగు లోపలి పొరపై మొదట చిన్న పిలకలు పుడతాయి. వీటినే పాలిప్‌లు అంటారు. వాటిలో అడినోమా అనే రకం కాలక్రమంలో క్యాన్సర్‌గా మారవచ్చు. సామాన్యుల్లో ఈ మార్పునకు దాదాపు పదేళ్లు పడుతుంది. దిద్దుబాటు వ్యవస్థ దెబ్బతిన్న లించ్ బాధితుల్లో ఇది ఒకటి నుంచి మూడేళ్లలోనే పూర్తికావచ్చు. అందువల్లనే సామాన్యులకు పదేళ్లకు ఒకసారి సరిపోయే పరీక్ష వీరికి ఏమాత్రం సరిపోదు. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లోపాలు ఉన్నవారికి జీవితకాలంలో పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు సగం వరకు ఉంటుంది. ఎంఎస్‌హెచ్6 లోపంలో ముప్పు కొంత తక్కువ, పీఎంఎస్2 లోపంలో మరింత తక్కువ. స్త్రీలకు గర్భసంచి లోపొర క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది.

రెండో ముఖ్యమైన స్థితి ఎఫ్‌ఏపీ. ఏపీసీ అనే జన్యువులో లోపం వల్ల యుక్తవయసు నుంచే పెద్దపేగు నిండా వందలు, వేల సంఖ్యలో పిలకలు పుట్టుకొస్తాయి. చికిత్స లేకపోతే నడివయసు నాటికి క్యాన్సర్ రావడం దాదాపు తథ్యం. ఎఫ్‌ఏపీ బాధితుల్లో సుమారు నాలుగో వంతు మందికి కుటుంబ చరిత్ర ఏదీ ఉండదు. వారిలోనే ఆ లోపం కొత్తగా మొదలవుతుంది.

మూడోది ఎంయూటీవైహెచ్ అనే జన్యువుకు సంబంధించినది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపభూయిష్టమైన ప్రతులు అందినవారికే ఈ వ్యాధి వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు. మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఎక్కువగా కనిపించే తెలుగు రాష్ట్రాలు, దక్షిణ భారతం విషయంలో ఈ అంశాన్ని ప్రత్యేకంగా గమనించాలి. దంపతులు ఒకే వంశానికి చెందినవారైనప్పుడు ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. లించ్ సిండ్రోమ్ ఉన్న కుటుంబంలో మేనరికం జరిగి, దంపతులిద్దరికీ ఒకే జన్యువులో లోపం ఉంటే, వారికి పుట్టే ప్రతి బిడ్డకూ రెండు ప్రతులూ లోపించే అవకాశం నాలుగింట ఒక వంతు. అటువంటి పిల్లలకు బాల్యంలోనే మెదడు, రక్తం, పేగుల క్యాన్సర్లు రావచ్చు.

ఎవరికి, ఏ వయసులో?

ముప్పు ఉన్న కుటుంబాన్ని గుర్తించేందుకు 1990లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన అంతర్జాతీయ నిపుణులు ఒక సులువైన లెక్క రూపొందించారు. దాన్ని మూడు, రెండు, ఒకటి అని గుర్తుంచుకోవచ్చు. దగ్గరి రక్తసంబంధీకుల్లో ముగ్గురికి వ్యాధి రావడం, అది కనీసం రెండు తరాల్లో ఉండడం, వారిలో ఒకరికైనా 50 ఏళ్లలోపే రావడం. ఈ లెక్కకు అందని లించ్ కుటుంబాలు కూడా చాలా ఉన్నాయని తరువాత తేలింది. అందువల్ల శస్త్రచికిత్సలో తొలగించిన ప్రతి పెద్దపేగు క్యాన్సర్ కణితినీ దిద్దుబాటు ప్రోటీన్ల లోపం కోసం పరీక్షించాలని ఇప్పటి మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. అక్కడ అనుమానం కలిగితే రక్తం లేదా లాలాజలం నమూనాతో జన్యుపరీక్ష చేస్తారు. ఒక్కరిలో లోపం నిర్ధారణ అయితే మిగిలిన కుటుంబ సభ్యులకు ఆ ఒక్క లోపాన్ని మాత్రమే వెతికితే సరిపోతుంది. అది లేదని తేలినవారికి తరచు కొలొనోస్కోపీల అవసరం తప్పుతుంది.

లోపం ఉన్నట్లు తేలినవారికి యూరప్ జీర్ణకోశ ఎండోస్కోపీ నిపుణుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లోపాలున్నవారు 25వ ఏట, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 లోపాలున్నవారు 35వ ఏట కొలొనోస్కోపీ మొదలుపెట్టి రెండేళ్లకు ఒకసారి చేయించుకోవాలి. అమెరికా నిపుణులు ఇంకొంత ముందుగా, ఏడాది లేదా రెండేళ్ల విరామంతో చేయాలంటారు. కుటుంబంలో మరీ చిన్న వయసులో క్యాన్సర్ వచ్చిన దాఖలా ఉంటే, ఆ వయసుకు కొన్నేళ్లు ముందుగానే పరీక్షలు మొదలవుతాయి. ఎఫ్‌ఏపీ కుటుంబాల్లో పిల్లలకు 10 నుంచి 14 ఏళ్ల మధ్యలోనే పరీక్షలు ప్రారంభిస్తారు. పిలకలు లెక్కకు మించినప్పుడు పెద్దపేగును శస్త్రచికిత్సతో తొలగించడమే మార్గం. ఆ తరువాత కూడా మిగిలిన పురీషనాళాన్ని, చిన్నపేగు పైభాగాన్ని క్రమం తప్పక పరిశీలించాలి.

జన్యులోపం ఏదీ తేలకపోయినా తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో లేదా సంతానంలో ఒకరికి 60 ఏళ్లలోపు ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, 40వ ఏట గానీ, ఆ వ్యక్తికి వ్యాధి బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు, కొలొనోస్కోపీ మొదలుపెట్టి ఐదేళ్లకు ఒకసారి చేయాలని అమెరికా వైద్య సంఘాల సూచన. ఉదాహరణకు తండ్రికి 42వ ఏట వ్యాధి బయటపడితే కుమారుడు, కుమార్తె 32వ ఏట తొలి పరీక్ష చేయించుకోవాలి.

పరీక్షకు ముందు సగం పని రోగిదే

కొలొనోస్కోపీలో వేలి లావు ఉండే, ఎటుపడితే అటు వంగే గొట్టాన్ని మలద్వారం గుండా పంపి, దాని కొసనున్న కెమెరాతో సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవున్న పెద్దపేగు లోపలి గోడలను చూస్తారు. పేగు శుభ్రంగా లేకపోతే ఎంత నిపుణుడైన వైద్యుడికైనా, ఎంత ఖరీదైన పరికరానికైనా పిలకలు కనిపించవు. లించ్ బాధితుల్లో పిలకలు తరచు బల్లపరుపుగా, పొరకు అతుక్కుపోయినట్లు, ముఖ్యంగా పెద్దపేగు కుడిభాగంలో ఉంటాయి. కొద్దిపాటి మలం పూత చాలు, వాటిని కప్పేయడానికి.

అందుకే పరీక్షకు రెండు మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, పొట్టు పప్పులు, జామ, దానిమ్మ వంటి గింజలున్న పండ్లు మానాలి. మెత్తని అన్నం, ఇడ్లీ, పెరుగు వంటివి తీసుకోవచ్చు. ముందురోజు వైద్యుడు చెప్పిన ప్రకారం కొబ్బరినీళ్లు, వడకట్టిన తేటనీరు వంటి పారదర్శకమైన ద్రవాలకే పరిమితం కావాలి. రక్తంలా భ్రమింపజేసే ఎర్రని పానీయాలు తాగకూడదు. విరేచన మందును ఒకేసారి కాకుండా, సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్ష రోజు కొన్ని గంటల ముందు తాగితే పేగు బాగా శుభ్రపడుతుందని అధ్యయనాలు నిరూపించాయి. మధుమేహానికి మందులు వాడేవారు, రక్తం పలుచబరిచే మందులు వాడేవారు, ఐరన్ మాత్రలు వేసుకునేవారు ముందుగానే వైద్యుడికి చెప్పి మోతాదులు సరిచేసుకోవాలి.

శుభ్రతను కొలవడానికి 2009లో రూపొందిన బోస్టన్ కొలమానం వాడుకలో ఉంది. పెద్దపేగును మూడు భాగాలు చేసి ఒక్కొక్క భాగానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు వేస్తారు. ప్రతి భాగానికీ కనీసం రెండు రావాలి. అంతకు తగ్గితే, ముప్పున్న కుటుంబాలవారు పరీక్షను త్వరలోనే మళ్లీ చేయించుకోవడం మేలు.

చూసే విధానాలు ఎన్నో

పరికరాన్ని పెద్దపేగు మొదలు వరకు చేర్చడం తొలి మెట్టు. అసలు పరిశీలన దాన్ని వెనక్కి తీసుకునేటప్పుడు జరుగుతుంది. కనీసం ఆరు నిమిషాలు నిదానంగా వెనక్కి తీసేవారు, తొందరపడేవారి కన్నా ఎక్కువ పిలకలు కనుగొన్నారని 2006లో వెలువడిన అమెరికా అధ్యయనం వెల్లడించింది. వారసత్వ ముప్పు ఉన్నవారి విషయంలో ఇంకా ఎక్కువ సమయం తీసుకోవడం అవసరం.

కంటికి చిక్కని బల్లపరుపు పిలకల కోసం రంగు చల్లే పద్ధతి ఒకటుంది. నీలిమందు వర్గానికి చెందిన ఇండిగో కార్మైన్ ద్రావణాన్ని పేగు గోడలపై చల్లుతారు. అది కణాల్లోకి ఇంకదు. పొరలోని సన్నని గాడుల్లో నిలిచి, ఎత్తుపల్లాలను స్పష్టం చేస్తుంది. ముగ్గుపిండి పడిన చోట నేలలోని సన్నని పగుళ్లు తేటపడినట్లు, పిలక అంచులు బయటపడతాయి. రంగు చల్లకుండా కాంతినే మార్చే పద్ధతి మరొకటి. ఇందులో 415, 540 నానోమీటర్ల సమీపంలోని నీలం, ఆకుపచ్చ కాంతులను మాత్రమే పంపుతారు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఈ కాంతులను పీల్చుకోవడం వల్ల పిలకపై ఉన్న రక్తనాళాల అల్లిక ముదురు రంగులో కనిపిస్తుంది.

ఈ పద్ధతుల్లో ఏది మేలు? తొలినాటి చిన్న అధ్యయనాలు రంగు చల్లడానికే మొగ్గు చూపాయి. కానీ స్పెయిన్‌లో లించ్ బాధితులపై జరిపి 2020లో ప్రచురించిన పరిశోధన, అనుభవజ్ఞులైన వైద్యులు అధిక స్పష్టత గల కెమెరాతో మామూలు తెల్లని కాంతిలో శ్రద్ధగా చూసినా ఫలితాలు రంగు పద్ధతికి తీసిపోవని తేల్చింది. కృత్రిమ మేధ సాయంతో తెరపై పిలకలను గుర్తుపట్టే వ్యవస్థను కూడా యూరప్ దేశాల్లో లించ్ బాధితులపై పరీక్షించారు. 2024లో వెలువడిన ఆ ఫలితాల్లో చెప్పుకోదగ్గ అదనపు ప్రయోజనం కనిపించలేదు. పరికరాల హంగు కన్నా పేగు శుభ్రత, వైద్యుడి నైపుణ్యం, వెచ్చించే సమయమే ముఖ్యమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

కనిపించిన పిలకను అప్పటికప్పుడే తొలగించడం కొలొనోస్కోపీకి ఉన్న విశిష్టత. సన్నని తీగ ఉచ్చును పిలక చుట్టూ బిగించి కోసేస్తారు. 1969లో న్యూయార్క్‌లో విలియం వోల్ఫ్, హిరోమి షిన్యా అనే వైద్యులు ఈ పద్ధతికి నాంది పలికారు. మలంలో రక్తాన్ని వెతికే పరీక్ష గానీ, సీటీ స్కాన్ గానీ ఈ పని చేయలేవు. అందుకే అధిక ముప్పు ఉన్నవారికి అవి కొలొనోస్కోపీకి ప్రత్యామ్నాయం కావు. పరీక్షలో పేగుకు చిల్లుపడటం వంటి ప్రమాదం వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువమందికే ఉంటుంది. పిలక తీసినచోట కొన్నిసార్లు రక్తస్రావం కావచ్చు.

ఎంత మేలు, ఎక్కడ పరిమితి?

ఫిన్లాండ్‌లో లించ్ కుటుంబాలకు చెందిన 252 మందిని పదిహేనేళ్లపాటు గమనించారు. వారిలో 133 మంది మూడేళ్లకోసారి పరీక్ష చేయించుకున్నారు. 119 మంది చేయించుకోలేదు. పరీక్షలు జరిగినవారిలో 8 మందికి, జరగనివారిలో 19 మందికి క్యాన్సర్ వచ్చింది. పరీక్షలు జరగనివారిలో 9 మంది ఆ వ్యాధితో మరణించారు. జరిగినవారిలో ఒక్కరు కూడా దానివల్ల మరణించలేదు. 2000లో ప్రచురితమైన ఈ ఫలితాలే నేటి మార్గదర్శకాలకు పునాది.

అయితే పరీక్ష సంపూర్ణ కవచం కాదు. ఏడాదికోసారి పరీక్షించే జర్మనీ, ఒకటి రెండేళ్లకోసారి పరీక్షించే నెదర్లాండ్స్, రెండు మూడేళ్లకోసారి పరీక్షించే ఫిన్లాండ్‌లను పోల్చిన 2018 నాటి అధ్యయనంలో క్యాన్సర్ వచ్చినవారి నిష్పత్తిలో తేడా కనిపించలేదు. లించ్ బాధితుల్లో కొన్ని క్యాన్సర్లు కంటికి కనిపించే పిలక దశ లేకుండానే పుడతాయని పరిశోధకులు భావిస్తున్నారు. అయినా క్రమం తప్పక పరీక్ష చేయించుకునేవారిలో వ్యాధి తొలిదశలోనే దొరుకుతుంది కనుక ఎక్కువమంది కోలుకుంటున్నారు. రెండు పరీక్షల మధ్యకాలంలో మలంలో రక్తం, కారణం తెలియని రక్తహీనత, మలవిసర్జన అలవాట్లలో మార్పు కనిపిస్తే తదుపరి పరీక్ష తేదీ కోసం ఎదురుచూడకూడదు.

ఆస్పిరిన్ మాత్ర కూడా కొంత రక్షణనిస్తుందని బ్రిటన్ వైద్యుడు జాన్ బర్న్ ఆధ్వర్యంలో 861 మంది లించ్ బాధితులపై జరిగిన పరిశోధన తేల్చింది. రెండేళ్లపాటు ఆస్పిరిన్ తీసుకున్నవారిలో దీర్ఘకాలంలో 9 శాతం మందికి, తీసుకోనివారిలో 13 శాతం మందికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. రక్తస్రావం ముప్పు ఉన్నందున వైద్యుడి సలహా లేకుండా ఈ మాత్ర మొదలుపెట్టకూడదు. ఇది కొలొనోస్కోపీకి తోడే గాని బదులు కాదు.

చెప్పుకోవలసిన కుటుంబ చరిత్ర

భారతదేశంలో ప్రభుత్వం 30 ఏళ్లు దాటినవారికి నిర్వహిస్తున్న క్యాన్సర్ ముందస్తు పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఉద్దేశించినవి. పెద్దపేగు క్యాన్సర్‌కు అటువంటి జాతీయ కార్యక్రమం లేదు. కనుక వారసత్వ ముప్పును గుర్తించే తొలి బాధ్యత కుటుంబంపైనే, మొదటి రోగికి చికిత్స చేసే వైద్యుడిపైనే ఉంటుంది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో క్యాన్సర్ జన్యు విభాగం, హైదరాబాద్‌లోని నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉన్నాయి.

అయితే ఈ వ్యాధి గురించి మాట్లాడటానికే చాలా కుటుంబాలు వెనుకాడుతున్నాయి. మలవిసర్జనకు సంబంధించిన విషయం కావడం ఒక కారణం. ఆడపిల్లల పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయం మరొకటి. ‘కడుపులో గడ్డతో పోయారు’ అన్న మాటతో ఒక తరం చరిత్ర ముగిసిపోతుంది. ఆ గడ్డ ఏ అవయవంలో వచ్చిందో, ఏ వయసులో వచ్చిందో తరువాతి తరానికి తెలియకుండా పోతుంది. తల్లి తరఫు చరిత్రను పట్టించుకోకపోవడం మరో లోపం. పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారవచ్చు గాని, ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన జన్యువు మారదు. మేనమామకు, అమ్మమ్మకు వచ్చిన వ్యాధి పెదనాన్నకు వచ్చినదానితో సమానంగా లెక్కకు వస్తుంది.

లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి 1924లోనే ఇటువంటి కుటుంబాల కోసం ఒక నమోదు పట్టిక ప్రారంభించింది. వంశవృక్షాన్ని గీసి, ముప్పున్నవారిని ఒక్కొక్కరిగా పిలిచి పరీక్షించే ఆ పద్ధతి నేటికీ కొనసాగుతోంది. ప్రతి ఇంట్లోనూ చిన్నస్థాయిలో ఈ పని చేసుకోవచ్చు. రెండు వైపులా మూడు తరాల రక్తసంబంధీకుల పేర్లు, ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చింది, ఏ వయసులో వచ్చింది అన్న వివరాలు ఒక కాగితంపై రాసుకోవాలి. శస్త్రచికిత్స జరిగినవారి బయాప్సీ నివేదికలు, కొలొనోస్కోపీ నివేదికలు భద్రపరచాలి. వైద్యుడిని కలిసినప్పుడు వాటిని చూపించాలి. 32వ ఏట జరగవలసిన పరీక్ష 42వ ఏట జరిగితే వృథా అయ్యే పదేళ్లలోనే ఒక పిలక క్యాన్సర్‌గా మారవచ్చు. ఆ పదేళ్లను కాపాడేది ఆ కాగితమే.